మీటరు ఎవరి పేరు మీద

మేము రంగూన్ వదిలి వచ్చేసరికి నాకు ఇరవై రెండేళ్ళు. నాన్న తెలుగువాడు, అమ్మ బర్మా మనిషి. నాన్న చిన్నతనంలో మేనమామ వెంట ఓడెక్కి వెళ్ళి, అక్కడి హార్బరులో గుమాస్తాగా చేరి, అక్కడే అమ్మని పెళ్ళి చేసుకున్నాడు. డెబ్బైల్లో మనవాళ్ళు ఒక్కొక్కరే వచ్చేస్తుంటే తనకి కూడా ఇంక ఉండబుద్ధి కావడం లేదన్నాడు. ఆయనకి ఇండియా పాస్‌పోర్టు ఉంది, నాకూ ఉంది. అమ్మకి మాత్రం తన దేశం కాగితాలే. వెళ్ళినవాళ్ళు మళ్ళీ వచ్చి ఉండడం కుదరదని అమ్మకి అక్కడే చెప్పారు. అమ్మ సరేనని సంతకం పెట్టి, అక్కచెల్లెళ్ళ దగ్గర సెలవు తీసుకుని, ఒక ట్రంకు పెట్టెతో మా వెంట బయల్దేరింది.

నరసాపురానికి కాస్త ఎగువన, గోదావరి గట్టుని ఆనుకుని ఉన్న ఒక ఊళ్ళో దిగాం. ఊరి పేరు చెప్పను. ఇందులో వచ్చే మనుషులెవరూ చెడ్డవాళ్ళు కారు, వాళ్ళ పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు. ఒక కిరాణా వర్తకుడు తన ఇంటి వెనక వాటా మాకు అద్దెకిచ్చాడు. అంతకుముందు అందులో బెల్లం దిమ్మలు, చింతపండు బస్తాలు వేసేవాళ్ళట. రెండు గదులు, ముందు చిన్న వసారా. ఎన్నిసార్లు కడిగినా వానాకాలం వచ్చేసరికి గోడల్లోంచి చింతపండు వాసన వచ్చేది. ఇంటాయన్ని నేను బాబాయిగారూ అనేదాన్ని.

ఆ వాటాకి కరెంటు లేదు. దిగిన వారంలోనే నాన్న మేస్త్రీని పిలిపించి, గోడల మీద చెక్క బద్దీలు కొట్టించి వైరింగ్ చేయించాడు. రెండు గదులకీ రెండు బల్బులు, వసారాలో ఒకటి. కరెంటాఫీసుకి దరఖాస్తు పెట్టాడు. రంగూన్‌లో మా ఇంట్లో లైట్లుండేవి, ఫ్యాను ఉండేది. అమ్మ దీపం బుడ్డితో వంట చేసుకోవడం నాన్నకి సిగ్గుగా ఉండేది. ఇక్కడికి రమ్మన్నది తను కాబట్టి, అక్కడ ఉన్నవి ఇక్కడ కూడా ఉండేలా చూడడం తన బాధ్యత అనుకున్నాడు.

కార్తీక మాసంలో ఒక ఉదయం, నూతి దగ్గర నీళ్ళు తోడుతూ నాన్న గుండె పట్టుకుని కూర్చుండిపోయాడు. డాక్టరు వచ్చేసరికే అయిపోయింది. ఇండియా వచ్చి అప్పటికి ఏడు నెలలు.

పదకొండో రోజు వెళ్ళాక, కరెంటాఫీసు నుంచి నాన్న పేరు మీద ఒక కాగితం వచ్చింది. ఫలానా రోజున మీటరు బిగించడానికి మనిషి వస్తాడు, ఇంటి దగ్గర ఉండవలెను అని. నేను ఆ కాగితం పట్టుకుని ఆఫీసుకి వెళ్ళి, ఆయన పోయారండీ అని చెప్పాను. గుమాస్తా అయ్యో అన్నాడు, కూర్చోమన్నాడు, మంచినీళ్ళు తెప్పించాడు. ఆ తర్వాత ఎర్ర సిరాతో కాగితానికి అడ్డంగా గీత గీశాడు. పోయిన మనిషి పేరు మీద సర్వీసు ఇవ్వరాదు, వారసులు మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలి అన్నాడు.

బాబాయిగారు విని తల పట్టుకున్నారు. "చెప్పకుండా ఉంటే రేపే మీటరు వచ్చేసేదండి. తర్వాత పేరు మార్పించుకునేవాళ్ళు కదా."

అది నాకు తట్టలేదు. నాన్న పోయాడని దాచాలని ఎలా తడుతుంది?

వారసురాలు అమ్మ కాబట్టి రెండో దరఖాస్తు అమ్మ పేరు మీద రాశాను. సంతకం ఆఫీసరు ఎదుటే పెట్టాలన్నారు. అమ్మ చీర కట్టడం అప్పుడప్పుడే నేర్చుకుంది, కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని నడిచేది. తెలుగు కొంత వచ్చు, కానీ అది నాన్న ఇంట్లో తనతో మాట్లాడిన తెలుగు. తిను, రా, చూడు, ఇలా పెట్టు. అండి అనే మాట అమ్మకి ఎవరూ నేర్పలేదు. అవసరం రాలేదు. ఆ ఊళ్ళో కూరగాయలమ్మేవాడు కూడా ప్రతి మాటకీ అండి అనేవాడు.

అమ్మ ఆఫీసరు ముందు నిలబడి కాగితం ముందుకు తోసి, "నువ్వు రాయి. నేను సంతకం పెడతాను" అంది. చాలా మెల్లగానే అంది. ఆయన తలెత్తి చూశాడు. పక్క బల్ల దగ్గర ఎవరో నవ్వారు. అమ్మకి తెలుగు సరిగా రాదండీ, కోపం తెచ్చుకోకండీ అని నేను నాలుగైదుసార్లు అన్నాను. అమ్మ వంగి, తన భాషలో గుండ్రంగా సంతకం పెట్టింది. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, ఇదేం లిపి అని అడిగాడు. చెప్పాను. పాస్‌పోర్టు చూపించమన్నాడు. చూశాక మర్యాదగానే చెప్పాడు, విదేశీయులకి సర్వీసు ఇవ్వడం మా చేతిలో లేదమ్మా, పై ఆఫీసుకి రాయాలి, ఉత్తర్వు రావాలి అని.

ఉత్తర్వు రాలేదు. సంక్రాంతి వెళ్ళింది, ఎండాకాలం వచ్చింది. నేను పది రోజులకోసారి వెళ్ళి అడిగేదాన్ని. ఫైలు వెళ్ళిందనేవాళ్ళు, వెనక్కి వచ్చిందనేవాళ్ళు, మళ్ళీ పంపామనేవాళ్ళు. ఈలోపు అమ్మని ఏలూరు తీసుకెళ్ళి, పోలీసు ఆఫీసులో విదేశీయుల రిజిస్టరులో మళ్ళీ సంతకం పెట్టించాను. నాన్న ఉండగా ఆ పని నాన్న చేసేవాడు. అక్కడి రైటరు ఇంకా ఎన్నాళ్ళుంటారని అడిగాడు. నేను జవాబు చెప్పబోతుంటే అమ్మే చెప్పింది, "ఎక్కడికి పోవాలి? నువ్వు చెప్పు" అని. ఆయన ఏదో రాసుకున్నాడు.

ఆ ఏడాది మా బతుకు కిరసనాయిలు చుట్టూ తిరిగింది. రేషను కార్డులో అమ్మ పేరు ఎక్కలేదు కాబట్టి వచ్చేది ఒక్క మనిషికి సరిపడా కిరసనాయిలు. అందులోనే వంటా, వెలుగూ. చీకటి పడే లోపల అన్నం తినేసి, లాంతరు ఒత్తి బాగా తగ్గించి కూర్చునేవాళ్ళం. ఎదురింట్లో లేసు అల్లే ఒకావిడ ఉండేది, పిన్నిగారు అనేదాన్ని. ఆవిడ అప్పుడప్పుడు తన రేషను కిరసనాయిల్లోంచి ఒక సీసా ఇచ్చేది. పగటిపూట అమ్మ వాళ్ళ అరుగు మీద కూర్చుని ఆవిడ దగ్గర అల్లిక నేర్చుకుంది. ఇద్దరికీ మాటలు తక్కువ. చేతులు చూసుకుంటూ, తప్పయితే విప్పుకుంటూ గంటలు గంటలు కూర్చునేవాళ్ళు. ఆ ఊళ్ళో అమ్మకి దొరికిన మనిషి ఆవిడొక్కతే.

నేను ఒక టైప్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇంగ్లీషు టైపు నేర్పేదాన్ని. పొద్దున్న వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చి, మళ్ళీ సాయంత్రం వెళ్ళేదాన్ని. తిరిగొచ్చేసరికి అమ్మ వసారాలో ఊరికే కూర్చుని ఉండేది. లాంతరు వెలిగించవేంటమ్మా అంటే, ఒక్కదానికి ఎందుకనేది. నాన్న పెట్టించిన స్విచ్చి బోర్డు మీద దుమ్ము లేకుండా తుడిచి ఉండేది. చూసినప్పుడల్లా నాకు ఆఫీసు మీద కోపం వచ్చేది, నాన్న మీద వచ్చేది. ఒక్కోసారి అమ్మ మీద కూడా వచ్చింది. ఈవిడ ఇక్కడి మనిషై ఉంటే ఈ బాధ ఉండేది కాదు కదా అనుకున్నాను. ఆ మాట ఎవరితోనూ అనలేదు గానీ, అనుకున్నాను.

ఆషాఢంలో బాబాయిగారు నన్ను కొట్టుకి పిలిచి, లోపల కూర్చోబెట్టి మాట్లాడారు.

"ఇలా అయితే మీకు కరెంటు రాదు అమ్మాయిగారూ. మీ పేరు మీద పెట్టండి. మీరు ఇండియా మనిషే కదా. ఇంటి ఓనరు ఒప్పుదల పత్రం కావాలంటారు, నేను సంతకం పెడతాను. కానీ అందులో మీ అమ్మగారి సంగతి ఉండకూడదండి."

ఎందుకన్నాను.

"ఫారిన్ మనిషి ఉందని కాగితం మీద రాస్తే రేపు పోలీసులు నా గుమ్మం తొక్కుతారని మా బావమరిది అంటున్నాడు. నాకు పెళ్ళి కావాల్సిన ఆడపిల్లలున్నారు. ఆవిడ ఉండొద్దని నేను అనట్లేదండి. ఉండనీండి. కాగితం మీద వద్దంటున్నాను."

ఆ మాటల్లో నాకు తప్పేమీ కనపడలేదు. నిజం చెప్పాలంటే, ఊరటగానే అనిపించింది. మర్నాడు ఇన్‌స్టిట్యూట్‌లో అందరూ వెళ్ళాక ఆ ఒప్పుదల పత్రం నేనే ఇంగ్లీషులో టైపు చేశాను. ఈ వాటాలో అద్దెకుంటున్నది ఈమె ఒక్కతే, ఈమెతో పాటు మరెవరూ నివసించడం లేదు అని. ఒక్క అక్షరం తప్పు పోలేదు. పిల్లలకి చూపించదగినంత శుభ్రంగా వచ్చింది.

దరఖాస్తు పెట్టిన రెండు వారాలకే కబురు వచ్చింది. లైన్ ఇనస్పెక్టరు వచ్చి వైరింగ్ చూసి, ఇల్లు చూసి వెళ్ళాక మీటరు ఇస్తారు. సోమవారం వస్తాడన్నారు. బాబాయిగారు ఆదివారం నూతి దగ్గర కనపడి, ఆ పూటకి మీ అమ్మగారిని ఎటైనా పంపండి అన్నారు. పిన్నిగారింటికి పంపుదామంటే అది సరిగ్గా మా గుమ్మానికి ఎదురుగా ఉంది. ఊళ్ళో మాకు వేరే ఇల్లు లేదు.

అమ్మకి అబద్ధం చెప్పాలనుకున్నాను. చెప్పలేకపోయాను. ఉన్న సంగతే బర్మా భాషలో చెప్పాను. నువ్వు ఇక్కడ లేవని రాశానమ్మా, ఆయన చూసి వెళ్ళేదాకా రేవు దగ్గర కూర్చుంటావా అని అడిగాను. అమ్మ అల్లిక పక్కన పెట్టి నా మొహం చూసింది. ఎంతసేపు అని మాత్రం అడిగింది. మధ్యాహ్నం దాకా అన్నాను.

సోమవారం పొద్దున్నే అమ్మ కంచం, ఇత్తడి గ్లాసు, బర్మా లుంగీలు రెండూ ట్రంకులో పెట్టేశాను. దండెం మీద అమ్మ చీర తీసేశాను. అమ్మ అదంతా చూస్తూ నిలబడి, అల్లిక సంచీ పట్టుకుని పెరటి దారిన వెళ్ళిపోయింది. ఇనస్పెక్టరు రాలేదు. రెండింటికి వెళ్ళి అమ్మని తీసుకొచ్చాను. రేవులో నది దాటించే పంటు కోసం వచ్చేవాళ్ళు కూర్చునే పాక ఒకటుంది, అందులో కూర్చుని ఉంది. పెట్టిచ్చిన అన్నం తినలేదు. అందరూ చూస్తుంటే తినబుద్ధి కాలేదంది.

మంగళవారం మళ్ళీ పంపాను. అప్పుడూ రాలేదు.

బుధవారం పొద్దున్నుంచీ ముసురు. గోదావరికి వరద ఎర్రనీళ్ళు తగిలాయి. ఇవాళ వద్దులే అమ్మా అని అనాల్సింది. అనలేదు. ఇవాళే వస్తాడేమో అని భయం. గొడుగు ఇచ్చి పంపాను. పిన్నిగారు అరుగు మీంచి చూసి, ఇంత వానలో ఎక్కడికని అమ్మని అడిగింది. అమ్మ చెయ్యూపి వెళ్ళిపోయింది.

పదకొండింటికి ఇనస్పెక్టరు వచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి, సైకిలు గోడకి ఆనించి, చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. బోర్డు విప్పి చూశాడు, బద్దీలు చూశాడు, మంచి పనే చేశాడు మీ మేస్త్రీ అన్నాడు. వసారాలో నాన్న ఫొటో దగ్గర ఆగి, నమస్కారం పెట్టి, తన సంచీలోంచి ఫైలు తీశాడు. ఆ ఫైలు పాతదే. నాన్న పెట్టిన దరఖాస్తు, అమ్మ పెట్టిన దరఖాస్తు, నాది, మూడూ ఒకే దారంతో కుట్టి ఉన్నాయి.

"అమ్మగారు ఏరండి?" అన్నాడు.

నేను పెరటి తలుపు వైపు చూశాను.

"వానలో బయటికి వెళ్ళారా? మీ నాన్నగారి కాగితంలో ఉంది కదండి, భార్య, కూతురు అని. మీటరు మీ పేరు మీదయితే చాలు. ఇంట్లో ఎవరుంటే మాకేంటండి? ఆ ఓనరు లెటరులో అదంతా ఎందుకు రాశారో నాకు అర్థం కాలేదు." సంతకం పెట్టమని పెన్ను ఇచ్చాడు. పెట్టాను. ముసురుగా ఉంది, వేడిగా ఏమైనా తాగండి అన్నాడు.

ఆయన సైకిలు సందు మలుపు తిరగ్గానే నేను రేవుకి పరుగెత్తాను. పాకలో అమ్మ లేదు. అరటి గెలలతో ఇద్దరు మనుషులు తడవకుండా ముడుచుకుని కూర్చున్నారు. అడిగితే, ఆ బర్మావిడ పంటు ఎక్కి అవతలికి వెళ్ళిందన్నారు. ఎప్పుడన్నాను. పొద్దున్నే, వచ్చీ రాగానే అన్నారు. నది మధ్యలో చెట్ల కొమ్మలు కొట్టుకొస్తున్నాయి. నీళ్ళు ఎక్కువగా ఉన్నాయని, వాన తగ్గేదాకా పంటు నడపలేమని పడవవాళ్ళు అవతలి ఒడ్డునే ఆపేశారు.

నేను ఆ పాకలోనే కూర్చున్నాను. అంతకుముందు రెండు రోజులు అమ్మ కూర్చున్న చోటే. అవతల అమ్మకి ఎవరూ తెలియదు. ఎవరైనా ఏమైనా అడిగితే నువ్వు అని మొదలుపెడుతుంది. పడవ ఎక్కిందో, ఎక్కబోయి జారిందో, ఈ మనుషులు సరిగా చూశారో లేదో. ఆ నాలుగు గంటల్లో నేను ఏమేం అనుకున్నానో ఇక్కడ రాయలేను.

మూడు దాటాక వాన తెరిపి ఇచ్చింది. పంటు వచ్చింది. అమ్మ చివరగా దిగింది. చీర మోకాళ్ళ దాకా బురద, గొడుగు లేదు, అల్లిక సంచీ మాత్రం గుండెలకి హత్తుకుని ఉంది. నేను ఎదురెళ్ళి పట్టుకుని, ఎందుకు వెళ్ళావమ్మా అని ఏడ్చేశాను. అమ్మ ఏడవలేదు. ఈ నీళ్ళు సముద్రంలోకి పోతాయా అని పడవాయన్ని అడిగిందట. పోతాయి, ఇక్కడికి దగ్గరే అన్నాడట. అయితే చూద్దామని ఎక్కింది. అవతల దిగి చూస్తే సముద్రం లేదు, కొబ్బరితోటలే ఉన్నాయి. వెనక్కి రావడానికి పంటు లేదు. అంతే చెప్పింది.

దారిలో నేను చెప్పాను, ఆయన వచ్చి వెళ్ళాడని, నాన్న కాగితంలో నీ సంగతి ముందే ఉందని, నువ్వు ఇంట్లో ఉన్నా ఏమీ అనేవాడు కాదని. చెప్పకుండా ఉండాల్సిందేమో. అమ్మ నడుస్తూనే ఉంది. కాసేపటికి తెలుగులో అంది, "నాన్న రాశాడు కదా. నువ్వు చెరిపావు."

మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ బర్మా భాషే. ఆ ఒక్క మాట తెలుగులో ఎందుకందో నాకు ఈనాటికీ తెలియదు.

ఆ రాత్రి నుంచి అమ్మకి జ్వరం. పన్నెండు రోజులు పడుకుంది. పిన్నిగారు పూటపూటకీ గంజి కాచి తెచ్చేది. జ్వరం తగ్గకముందే మీటరు బిగించారు, స్తంభం నుంచి వైరు లాగారు. మనిషి స్విచ్చి వేసి చూపించి, చూసుకోండమ్మా అన్నాడు. ఆ వెలుతురులో మొదటిసారి అమ్మ మొహం స్పష్టంగా చూశాను. చెంపలు లోపలికి పోయాయి, జుట్టు ముందు భాగమంతా నెరిసిపోయింది. లాంతరు వెలుగులో అవేవీ నాకు కనపడలేదు. అమ్మ కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగి పడుకుంది.

అమ్మ ఆ తర్వాత ఎనిమిదేళ్ళు బతికింది. నాతో మామూలుగానే ఉంది. వండిపెట్టింది, నా పెళ్ళికి పిన్నిగారితో కలిసి మేజా బల్ల మీద పరిచే పెద్ద గుడ్డ ఒకటి అల్లింది, నా కూతుర్ని ఎత్తుకుంది. అండి అనడం కూడా నేర్చుకుంది. కానీ ఒక అలవాటు పట్టుకుంది. ఇంటికి కొత్త మనిషి ఎవరొచ్చినా, రీడింగు తీసుకునేవాడైనా, జనాభా లెక్కలు రాసేవాడైనా, నా భర్త తరఫు చుట్టాలైనా, గుమ్మంలో అడుగుల చప్పుడు వినపడగానే లేచి పెరట్లోకి వెళ్ళిపోయేది. వాళ్ళు వెళ్ళేదాకా నూతి పక్కన నిలబడేది. ఎవరూ వెళ్ళమనేవాళ్ళు కాదు. వద్దమ్మా, కూర్చో అని నేను చెయ్యి పట్టుకుంటే మెల్లగా విడిపించుకునేది.

ఒకసారి వెనకాలే వెళ్ళి, ఆ రోజు నేను చేసింది తప్పేనమ్మా, ఇంక మరిచిపో అన్నాను. అమ్మ బొక్కెన కడుగుతోంది. మరిచిపోయాను, నువ్వు లోపలికి వెళ్ళు, వచ్చినవాళ్ళు ఒక్కళ్ళే కూర్చున్నారు అంది.

నేను లోపలికి వెళ్ళాను. వచ్చినవాళ్ళకి కాఫీ ఇచ్చాను. ఇంట్లో ఇంకెవరుంటారని వాళ్ళు అడిగితే మా అమ్మ ఉంటుందండీ అని చెప్పాను. ఎక్కడున్నారు అన్నారు. పెరట్లో ఏదో పనిలో ఉందని చెప్పి, వేరే మాట ఎత్తాను.